పోలో జీటీకి టైరు సైజు మార్పు: ఒంగోలు, చీమకుర్తి రోడ్ల ప్రాజెక్టు డైరీ

కారు, దాని రోడ్లు

కర్నూలు రోడ్డు మీద ఒంగోలు నుంచి చీమకుర్తి దాకా రోజూ కారు నడిపేవారికి టైరు పక్కగోడ ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. క్వారీల నుంచి బ్లాకులు మోసుకొచ్చే ట్రెయిలర్లు, కంకర టిప్పర్లు ఆ రోడ్డు అంచులను కొరుక్కుతింటూ ఉంటాయి. వాటి మీద నుంచి రాలే గ్రానైటు ముక్కలు నది గులకరాళ్లలా నున్నగా ఉండవు. పగిలిన చోటల్లా కత్తి అంచులా ఉండి, ట్రెడ్ (నేలను తాకే రబ్బరు) గాళ్లలో ఇరుక్కుని, చక్రం తిరిగిన కొద్దీ లోపలికి దిగుతాయి. నా ఉద్యోగం గ్రానైటు ఎగుమతి కార్యాలయంలో కాబట్టి ఈ రోడ్డు తప్పదు. నెల్లూరు, కృష్ణపట్నం పనుల మీద 16వ నంబరు జాతీయ రహదారి కూడా తప్పదు. ఒకటి గుంతల రోడ్డు, రెండోది వంద మీద గంటల తరబడి సాగే రోడ్డు; ఒకే టైరు ఈ రెండింటికీ పనికిరావాలి.

కారు 2015 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్కు, ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఇప్పటి లెక్కల్లో ఇవి పెద్ద అంకెలు కావు గాని, దాదాపు 1,100 కిలోల కారులో ఆ టార్కు మొత్తం ముందు చక్రాల మీదనే పడుతుంది. కంపెనీ ఇచ్చిన సైజు 185/60 ఆర్15. నా పాత సెట్టులో ట్రెడ్ రెండున్నర మిల్లీమీటర్లకు వచ్చింది. చట్టం ఒప్పుకునే 1.6 మిల్లీమీటర్లకు ఇంకా కాస్త పైనే ఉన్నా, ఒక టైరుకు పక్కగోడ మీద ఉసిరికాయంత బుడిపె లేచింది. బుడిపె అంటే లోపలి దారపు పొర తెగిపోయిందని అర్థం. దానికి ప్యాచీ లేదు, టైరు మార్చడమే మార్గం. నాలుగూ మార్చవలసి వచ్చినప్పుడు, ఇదే సైజు మళ్లీ ఎందుకు వేయాలి అన్న ప్రశ్నతో ఈ ప్రాజెక్టు మొదలైంది.

నాకు కావలసినవి మూడు. గుంత అంచు తగిలితే అలాయ్ రిమ్ము దాకా దెబ్బ పోని ఎత్తైన పక్కగోడ, తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారకుండా పట్టు, అర్ధరాత్రి కావలి దగ్గర టైరు పోయినా మరునాటికి దొరికే సైజు. కారు అందంగా కనిపించాలన్న కోరిక జాబితాలో లేదని చెబితే నా మిత్రులు నమ్మరు గాని, ఆ కోరికను చివరి వరుసలో కూర్చోబెట్టాను.

కాగితం మీద లెక్క

టైరు సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎన్ని శాతమో చెప్పేది, చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. 185లో 60 శాతం 111 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి 222. పదిహేను అంగుళాలంటే 381. మొత్తం వ్యాసం 603 మిల్లీమీటర్లు. ఏ కొత్త సైజును చూసినా ముందు ఈ 603తో పోల్చాలి. తేడా మూడు శాతం లోపల ఉండాలన్నది టైరు పని తెలిసినవారంతా పాటించే కట్టుబాటు.

195/55 ఆర్15 వ్యాసం 595.5, అంటే 1.2 శాతం తక్కువ. గేరు కాస్త పొట్టిదైనట్టు కారు చురుగ్గా కదులుతుంది గాని, పక్కగోడ 107కి తగ్గుతుంది, కారు నేలకు మరింత దగ్గరవుతుంది. ట్రాకు మీద తిప్పేవారికి ఇది మంచి సైజు; చీమకుర్తికి తిప్పేవారికి కాదు. 205/55 ఆర్15 వ్యాసం 606.5, తేడా అర శాతం పైచిలుకు మాత్రమే, పక్కగోడ 112.75. కాగితం మీద ఇంతకన్నా చక్కగా అతికే సైజు లేదు. దాని సంగతి దుకాణాల దగ్గర తేలుతుంది. 195/60 ఆర్15 వ్యాసం 615, తేడా రెండు శాతం ఎక్కువ, పక్కగోడ 117. 205/60 ఆర్15 అయితే 627, అంటే నాలుగు శాతానికి ఒక వెంట్రుకవాసి తక్కువ, కట్టుబాటు దాటిపోయింది.

వెడల్పు గురించి చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. టైరు మీద అచ్చువేసిన 185, 195 అనేవి పేర్లే తప్ప, రిమ్ము మీద ఎక్కిన తర్వాత టేపు పెడితే వచ్చే కొలతలు కావు. 185/60 ఆర్15ను ప్రమాణం ప్రకారం అయిదున్నర అంగుళాల రిమ్ము మీద కొలుస్తారు, అప్పుడు వచ్చే వెడల్పు 189. రిమ్ము అర అంగుళం పెరిగినప్పుడల్లా టైరు వెడల్పు సుమారు అయిదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కనుక నా ఆరంగుళాల అలాయ్ మీద అది దాదాపు 194 అవుతుంది. 195/60ను కొలిచే రిమ్మే ఆరంగుళాలది, దాని వెడల్పు 201. అంటే పేరులో పది మిల్లీమీటర్ల తేడా ఉన్నా, నా రిమ్ము మీద అసలు తేడా ఏడే. ఒక్కో పక్కకు మూడున్నర. ఈ లెక్క తెలిశాక 195 వేస్తే స్ట్రట్టుకు, అంటే చక్రం పక్కనే స్ప్రింగును మోసే కంబానికి, తగులుతుందేమోనన్న భయం సగం పోయింది, 195 వేస్తే పట్టు అమాంతం పెరుగుతుందన్న ఆశ కూడా సగం పోయింది.

ఆ ఆశ గురించి ఇంకొక మాట. నేలను తాకే రబ్బరు విస్తీర్ణాన్ని ప్రధానంగా నిర్ణయించేవి చక్రం మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి. ఒత్తిడి మార్చకుండా వెడల్పు పెంచితే ఆ పాదముద్ర అడ్డంగా సాగి నిలువున కురచబడుతుందే గాని, విస్తీర్ణం పెద్దగా పెరగదు. మలుపులో ఆ ఆకారం కొంత మేలు చేస్తుంది, నీటిలో కొంత కీడు చేస్తుంది. పట్టులో పెద్ద వాటా రబ్బరు మిశ్రమానిది, ట్రెడ్ డిజైనుది. మంచి మిశ్రమంతో చేసిన 185 నాసిరకం 205 కన్నా తడి రోడ్డు మీద ముందే ఆగగలదు. సైజు మార్పు మీద ఇంత రాస్తున్న నేను ఈ మాట కూడా రాయకపోతే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించినట్టవుతుంది.

బరువు సూచిక దగ్గర నిక్కచ్చిగా ఉన్నాను. నా పాత టైరు మీద 84 హెచ్ అని ఉంది: 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వరకు. ఈ రెండింటిలో ఏదీ కిందికి దిగకూడదు. 195/60 ఆర్15 సాధారణంగా 88తో వస్తుంది, అంటే 560 కిలోలు. వేగ సూచికలో టీ అంటే 190. మన రహదారి మీద కారుకు పరిమితి వందే అయినప్పుడు 190 చాలదా అనిపించవచ్చు. కానీ ఆ అక్షరం చెప్పేది వేగం ఒక్కటే కాదు, వేడిని తట్టుకునే నిర్మాణం గురించి కూడా. మే నెలలో మిట్టమధ్యాహ్నం టంగుటూరు నుంచి కావలి వైపు వంద మీద పోయే టైరుకు ఆ అదనపు ఓపిక పనికొస్తుంది.

పదహారు, పదిహేడు అంగుళాల మాట

ఈ కారు తరువాతి మోడళ్లకు కంపెనీయే పదహారు అంగుళాల అలాయ్‌లతో 195/55 ఆర్16 ఇచ్చింది. దాని వ్యాసం 620.9, మన సైజు కన్నా మూడు శాతం ఎక్కువ. నాకు ఇది వేరే విధంగా ఉపయోగపడింది: అదే బాడీలో 621 మిల్లీమీటర్ల చక్రం తిరుగుతున్నప్పుడు, 615 తిరగడానికి చక్రం మీది బాడీ ఆర్చిలో చోటు ఉండి తీరాలి.

అలాయ్‌లు కూడా మార్చే పక్షంలో 195/50 ఆర్16 వ్యాసం 601.4, 205/50 ఆర్16 వ్యాసం 611.4. పదిహేడుకు పోతే 215/40 ఆర్17 వ్యాసం 603.8, అసలుతో అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, కాని పక్కగోడ 86 మిల్లీమీటర్లే మిగులుతుంది. మన గుంతల మీద 86 మిల్లీమీటర్ల గోడతో అలాయ్ అంచు సొట్టపోకుండా ఒక వర్షాకాలం గడిస్తే గొప్ప.

ఒక మిత్రుడు తన పదహారు అంగుళాల, ఏడంగుళాల వెడల్పు సెట్టు 205/50 టైర్లతో సహా అరువిచ్చాడు. వేసి చూడకముందే ఇంటి దగ్గరి బియ్యం కొట్టులో కాటా మీద తూచాను. కొట్టు యజమాని బస్తాలు పక్కకు జరిపి, చక్రాన్ని ఏ రకం సన్నబియ్యమని అడిగి నవ్వాడు. నా పాత చక్రం, అరిగిన టైరుతో, 15.3 కిలోలు తూగింది. మిత్రుడిది 19.1. అరిగిపోయిన రబ్బరు బరువును మినహాయించినా ఒక్కో మూలకు రెండు కిలోలకు పైగా అదనం. ఇది డిక్కీలో పెట్టిన సామాను వంటి బరువు కాదు. స్ప్రింగు కింద ఉండి, ప్రతి గుంతలోనూ చక్రంతో పాటు పైకీ కిందికీ ఎగిరే బరువు, పైగా బయలుదేరిన ప్రతిసారీ ఇంజను తిప్పవలసిన బరువు. వేసి నడిపినప్పుడు స్టీరింగు బిగువు బాగుంది, మలుపులో కారు నిటారుగా నిలిచింది. చీమకుర్తి చేరేసరికి మాత్రం నా నడుము ఒక అభిప్రాయానికి వచ్చేసింది.

అలాయ్ మార్చదలచుకున్నవారి కోసం ఆఫ్‌సెట్ లెక్క రాసి పెడుతున్నాను. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము మధ్యగీతకు, హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి) ఆనుకునే ముఖానికి నడుమ దూరం; అలాయ్ మీద ఈటీ అని ఉంటుంది. ఉదాహరణకు ఆరంగుళాల ఈటీ 40 రిమ్ము తీసి, ఏడంగుళాల ఈటీ 35 వేస్తే బయటి అంచు 17.7 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 7.7 మిల్లీమీటర్లు లోపలికి పోతాయి. అదే ఏడంగుళాలది ఈటీ 46 అయితే బయటికి 6.7, లోపలికి 18.7. ఒకటి ఫెండరు (చక్రం మీది బాడీ రేకు) దాటే ప్రమాదం, మరొకటి స్ట్రట్టును తాకే ప్రమాదం. పోలోకు అయిదు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వృత్తం మీద. మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు. బయటి అలాయ్‌కు రంధ్రం అంతకన్నా పెద్దదైతే హబ్బు రింగు వేయాలి, లేకపోతే వంద దాటాక స్టీరింగు వణుకుతుంది, బ్యాలెన్సింగు ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు.

మిత్రుడి చక్రాలు తిరిగిచ్చేశాను. అలాయ్ అసలుదే ఉంచి, పోటీని 205/55, 195/60 మధ్యకు కుదించాను.

దుకాణాల్లో దొరికేది

ఒంగోలులోనూ, నెల్లూరు ఆటోనగర్‌లోనూ విచారించినప్పుడు 205/55 ఆర్15 పేరు వినగానే ప్రతిచోటా ఎదురైనది ఒకే చూపు. ఆ సైజుతో మన దేశంలో అమ్ముడయ్యే కార్లు లేనట్టే కాబట్టి దుకాణదారుడు తెచ్చిపెట్టుకోడు. తెప్పిస్తానన్న ఒక్కరూ తేదీ చెప్పలేదు. పైగా 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని స్వేచ్ఛా జాబితా నుంచి ఆంక్షల జాబితాలోకి మార్చింది. అంతకుముందు చెన్నైలో వెతికితే కనబడే కొన్ని విదేశీ సైజులు ఆ తర్వాత అరుదైపోయాయి. శ్రీసిటీ పక్కన చిన్నపండూరులో అపోలో వారి ప్లాంటు అదే ఏడాది మొదలైంది. నెల్లూరు నుంచి అది పెద్ద దూరమేమీ కాదు. కాని ఇంటి పక్కన కర్మాగారం ఉండటానికీ, మనకు కావలసిన సైజు కొట్లో ఉండటానికీ సంబంధం లేదు. ఏ సైజు కార్లు రోడ్డు మీద ఎక్కువ ఉంటే ఆ సైజే అరల్లో ఉంటుంది.

195/60 ఆర్15 అలా కాదు. అడిగిన చోటల్లా ఒకటి రెండు కంపెనీలవి ఉన్నాయి. అయితే నెల్లూరు దుకాణంలో పెద్దాయనకు నా ఎంపిక నచ్చలేదు.

"అబ్బయ్యా, 205/60 ఏసుకో, కారు నిండుగా కనపడతాది. ఎంతమందికి ఏశాం."

"అది స్ట్రట్టు తట్టకు దగ్గరగా పోతాది గదా పెద్దాయనా?"

"తగిలిందని మళ్లా వచ్చి చెప్పినోడు లేడు."

తగిలినవాడు అదే దుకాణానికి తిరిగి వస్తాడన్న నమ్మకం ఆయనది. నేను టేపు తీశాను.

ఖాళీల కొలత

ముందు చక్రం దగ్గర చూడవలసిన చోట్లు రెండు. మొదటిది స్ట్రట్టు మీద స్ప్రింగు కూర్చునే తట్ట. ఇది టైరుకు సరిగ్గా పైన ఉంటుంది. స్ట్రట్టు హబ్బుకు బిగించి ఉంటుంది కనుక చక్రం ఎగిరినా దిగినా ఈ తట్ట దానితో పాటే కదులుతుంది. ఈ ఖాళీ మారదు. అందువల్ల కారు నిలబడి ఉండగా కొలిస్తే చాలు. అరిగిన పాత టైరు మీద అది 24 మిల్లీమీటర్లు ఉంది. 195/60 వేస్తే అర్ధ వ్యాసంలో ఆరు, కొత్త ట్రెడ్ వల్ల మరో అయిదున్నర పోయి, పన్నెండు పదమూడు మిగలాలి. 205/60 అయితే ఆరు ఏడే మిగులుతుంది. ట్రెడ్‌లో ఇరుక్కున్న గ్రానైటు ముక్క ఒక్కోసారి అంతకన్నా ఎత్తుగా బయటికి పొడుచుకుని ఉంటుంది. పెద్దాయన చెప్పిన సైజును నేను పక్కన పెట్టడానికి శాతాల లెక్క కన్నా ఈ కొలతే బలమైన కారణం.

రెండోది ఫెండరు లోపలి ప్లాస్టిక్ లైనరు. ఇక్కడి ఖాళీ స్టీరింగు తిప్పినప్పుడూ, బరువు పడినప్పుడూ మారుతుంది. నిలబెట్టి కొలిచి లాభం లేదు, నడిపే చూడాలి.

చట్టం వైపు నుంచి కూడా ఒక గీత గీసుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమైన మార్పులను నిరోధిస్తుంది. అలాయ్ మార్చకుండా, టైరు ఫెండరు అంచు దాటకుండా, బరువు, వేగ సూచికలు తగ్గకుండా చూసుకోవడం నా హద్దు. బీమా కంపెనీకి కూడా కొత్త సైజు రాస్తూ ఒక మెయిలు పెట్టి దాఖలా ఉంచుకున్నాను.

బిగింపు

195/60 ఆర్15, 88 హెచ్, నాలుగూ ఒకే రకం. పక్కగోడ మీద డాట్ అక్షరాల వరుస చివర నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. నాలుగు టైర్లకూ అవి దగ్గర దగ్గరగా ఉండేలా చూసి ఏరుకున్నాను. ఒక్కసారి రిమ్ముకు ఎక్కించిన టైరును దుకాణం వెనక్కి తీసుకోదు కాబట్టి, ముందు ఒకదాన్నే ఎక్కించి, ఎడమ ముందు చక్రానికి బిగించి, స్టీరింగును ఇటు చివర నుంచి అటు చివర దాకా తిప్పి చూశాకే మిగిలిన మూడూ విప్పమన్నాను. స్ట్రట్టు తట్ట దగ్గర ఖాళీ 13 మిల్లీమీటర్లు వచ్చింది. పక్కన స్ట్రట్టు గొట్టానికీ టైరు గోడకూ మధ్య నా చిటికెన వేలు ఇబ్బంది లేకుండా పోయింది.

పాత రబ్బరు వాల్వులు కూడా తీయించి కొత్తవి వేయించాను. టైరుతో పాటు వాల్వు మార్చకపోవడం ఎందుకు ఆనవాయితీ అయిందో నాకు అర్థం కాదు; వాల్వు పగిలి గాలి దిగే టైరు ఖరీదు ఆ వాల్వు ఖరీదుకు వందరెట్లు. ఈ కారుకు నట్లు ఉండవు, బోల్టులే. గాలి తుపాకీతో చివరిదాకా బిగించనివ్వకుండా, టార్కు రెంచితో 120 న్యూటన్ మీటర్లకు నక్షత్రం క్రమంలో బిగించాను. వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూశాను, ఏదీ వదులు కాలేదు. చక్రం బరువు కాటా మీద సరిగ్గా 17 కిలోలు.

లైనరు పరీక్షకు సుద్దముక్క చాలింది. నాలుగు ఆర్చిల్లోనూ లైనరు అంచు పొడవునా, వెనుక ఫెండరు మడత లోపలా చిక్కగా సుద్ద రుద్ది, వెనుక సీట్లో ముగ్గురు సహోద్యోగులను, డిక్కీలో గ్రానైటు శాంపిల్ పలకలను ఎక్కించుకుని చీమకుర్తి దాకా వెళ్లి వచ్చాను. దారిలోని ప్రతి స్పీడు బ్రేకరునూ కాస్త మొరటుగానే దాటాను, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పూర్తి స్టీరింగు తిప్పాను. ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే వెనుక సుద్ద చెదరలేదు. ముందు కుడి లైనరు మీద మాత్రం, బంపరు కలిసేచోట, బొటనవేలంత మేర సుద్ద చెరిగి ఉంది. అక్కడ లైనరు క్లిప్పు ఊడి ప్లాస్టిక్ కిందికి వంగి ఉంది. కొత్త క్లిప్పు కొట్టించి మళ్లీ సుద్ద రుద్దాను. ఆ తర్వాత చెరగలేదు.

మీటరు, మైలేజీ

పక్కగోడ మీద సుద్ద గీత పెట్టి, మా షెడ్డులోని చదునైన గచ్చు మీద కారును చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగేంత దూరం తోసి కొలిచాను. పాత అరిగిన టైరు 182 సెంటీమీటర్లు వచ్చింది, కొత్తది 187.5. వ్యాసాన్ని పై (3.14) విలువతో గుణిస్తే 615కు 193 రావాలి కదా అనిపిస్తుంది. బరువు కింద టైరు అణిగి తిరుగుతుంది కాబట్టి రేడియల్ టైర్ల ప్రమాణాల్లో పై బదులు 3.05తో గుణిస్తారు, అలా చూస్తే 187.6. లెక్కకూ గచ్చుకూ ఇంత దగ్గర పొత్తు కుదరడం చూసి నేనే ఆశ్చర్యపోయాను.

సైజుల మధ్య తేడా రెండు శాతమే అయినా, అరిగిన పాత టైరు నుంచి కొత్త టైరుకు వచ్చిన మార్పు మూడు శాతం. జాతీయ రహదారి రాళ్ల లెక్కన యాభై కిలోమీటర్లకు ఓడోమీటరు ఇదివరకు 50.9 చూపేది, ఇప్పుడు 49.4 చూపుతోంది. మైలేజీ లెక్క వేసేవారు ఈ తేడాను కలుపుకోకపోతే, కొత్త టైర్లు పెట్రోలు తాగుతున్నాయని అనవసరంగా నిందిస్తారు. నాకు కూడా కాగితం మీద మైలేజీ తగ్గినట్టే కనిపించింది. దూరాన్ని సవరించాక మిగిలిన తేడా ఎయిర్ కండిషనరు వాడకంలో కలిసిపోయేంత చిన్నది.

స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన. ఎక్కువ చూపవచ్చు, అసలు వేగంలో పదో వంతుకు నాలుగు కిలోమీటర్లు కలిపినంత వరకు. అందువల్ల కంపెనీలు ముందుజాగ్రత్తగా కాస్త ఎక్కువే చూపేలా పెడతాయి. పాత టైర్ల మీద మీటరు వంద చూపినప్పుడు జీపీఎస్ 94 చూపేది, ఇప్పుడు 97. ఇంకా మూడు కిలోమీటర్ల వెసులుబాటు ఉంది. 205/60 వేసి ఉంటే అదీ దాదాపు హరించుకుపోయేది.

రోడ్డు మీద తేడా

సిగ్నలు దగ్గర కారు ఎగిరి దూకడం ఒక పిసరు తగ్గింది. గేర్లు రెండు శాతం పొడుగైనట్టు కదా. దాన్ని గమనించేది కారు యజమాని ఒక్కడే, పక్కన కూర్చున్నవారికి తెలియదు. గుంతల్లో చప్పుడు మాత్రం మారిపోయింది. ఇదివరకు గట్టిగా టక్కుమనే చోట ఇప్పుడు దిమ్మెసతో నేల కొట్టినట్టు మెత్తటి దబ్బు వినిపిస్తుంది. పక్కగోడ ఆరు మిల్లీమీటర్లు పెరగడం కాగితం మీద స్వల్పమే. చీమకుర్తి ఊరి మొదట్లో, టిప్పర్లు మలుపు తిరిగే చోట, అది స్వల్పం కాదు.

ఎత్తైన గోడ వల్ల మలుపులో మొదటి క్షణం స్టీరింగు కొంచెం బద్ధకిస్తుంది. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బద్వేలు పోయే 67వ నంబరు రహదారి వెలిగొండలు దాటేచోట వంపులున్నాయి. అక్కడ మిత్రుడి పదహారు అంగుళాల సెట్టుకు ఉన్న చురుకు దీనికి లేదు. మలుపు మధ్యలోకి వచ్చాక పట్టు మాత్రం పాత టైర్ల కన్నా స్పష్టంగా ఎక్కువ. ఇందులో సైజు వాటా ఎంత, కొత్త రబ్బరు వాటా ఎంత అని అడిగితే, నా అంచనాలో మూడొంతులు రబ్బరుదే.

ఈశాన్య రుతుపవనం

అక్టోబరు నుంచి మా కోస్తాలో కురిసే వాన రోడ్డు మీద పారే వాన కాదు, నిలిచే వాన. సింగరాయకొండ దాటాక రహదారి పక్క లేన్లలో నీరు అద్దంలా పరుచుకుని ఉంటుంది. నీటి మీద టైరు తేలిపోయే వేగం గురించి నాసాలో వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ 1963లో ప్రచురించిన సూత్రం ఇప్పటికీ ప్రచారంలో ఉంది: గాలి ఒత్తిడి పీఎస్ఐలలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) తీసుకుని, దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే గంటకు మైళ్లలో వేగం వస్తుంది. విమాన టైర్ల ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం కాబట్టి ట్రెడ్ లోతును, పాదముద్ర ఆకారాన్ని అది లెక్కలోకి తీసుకోదు. అయినా దిశ చూపుతుంది. 33 పీఎస్ఐకి దాదాపు 96 కిలోమీటర్లు, 28కి 88 కిలోమీటర్లు. గాలి అయిదు పీఎస్ఐ తగ్గితే తేలిపోయే వేగం ఎనిమిది కిలోమీటర్లు కిందికి దిగుతుంది. వెడల్పు పెంచినవారు గాలి తగ్గించి మెత్తదనం కోరుకోవడం మా వైపు మామూలు. రెండూ కలిస్తే వానలో ప్రమాదం రెట్టిస్తుంది. కొత్త ట్రెడ్ గాళ్లు ఎంత నీరు తోడేసినా, నిలిచిన నీరు కనిపిస్తే నేను ఎనభైకి దిగుతున్నాను.

గాలి, స్టెప్నీ

కొత్త టైరు బరువు సూచిక పాతదానికన్నా ఎక్కువ కనుక ఒత్తిడి పెంచనక్కరలేదు. పెట్రోలు మూత లోపల అంటించిన కంపెనీ లేబులుతో మొదలుపెట్టి, ట్రెడ్ మధ్యభాగం, అంచులు సమంగా అరుగుతున్నాయో లేదో చూస్తూ ముందు 33, వెనుక 32 దగ్గర స్థిరపడ్డాను. కొలత ఎప్పుడూ తెల్లవారుజామున, కారు కదలకముందే. అయిదారు డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ చొప్పున పెరుగుతుంది. మధ్యాహ్నం రహదారి నుంచి దిగి బంకులో చూస్తే 37 కనిపించడం సహజం. అప్పుడు గాలి తీయించుకున్నవారు మరునాటి ఉదయం తక్కువ గాలితో బయలుదేరుతారు.

స్టెప్నీగా పాత 185/60 టైరే ఉంది, బుడిపె లేనివాటిలో మంచిది చూసి పెట్టాను. దాని వ్యాసం వేరు కనుక ముందు చక్రానికి వేయకూడదు. వేస్తే తిన్నగా పోతున్నా, రెండు ముందు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఎడతెగకుండా పని చేస్తూ వేడెక్కుతుంది. ముందు టైరు పంక్చరైతే వెనుకది ముందుకు వేసి, స్టెప్నీని వెనుకకు వేయాలి. రోడ్డు పక్కన జాకీ రెండుసార్లు ఎక్కించవలసిన ఈ చాకిరీ నచ్చనివారు అయిదో టైరు కూడా కొత్త సైజుదే కొనుక్కోవచ్చు.

5,000 కిలోమీటర్ల దగ్గర

కొత్తలో 7.8 మిల్లీమీటర్లున్న ట్రెడ్ ఇప్పుడు వెనుక 7.5, ముందు కుడి 7.1. ముందు ఎడమ టైరు లోపల, మధ్యలో 7.1 ఉన్నా బయటి అంచున 6.6 ఉంది. అలైన్‌మెంట్ తీయిస్తే ఎడమ చక్రం టో, అంటే చక్రం ముందు అంచు తిరిగి ఉండే కోణం, హద్దు దాటి లోపలికి ఉంది. టై రాడ్ చివరి జాయింటులో ఆట కూడా కనిపించింది. జాయింటు మార్పించి, టో సరిచేయించి, ముందు వెనుక టైర్లు అటుదిటు చేయించాను. ట్రెడ్ గాళ్లలోంచి స్క్రూడ్రైవరుతో తీసిన గ్రానైటు ముక్కల్లో ఏదీ పొరదాకా దిగలేదు. తరువాతి కొలత 10,000 దగ్గర, ఎడమ వెనుకకు వెళ్లిన ఆ టైరు అంచు నుంచే మొదలుపెడతాను.